మిన్నీ దవడ మీది గడ్డ

పెంపుడు పిల్లి మిన్నీ దవడ మీద గడ్డను మొదట చూసింది సత్యవతే. రాయిలా గట్టిగా ఉంది. ఆ రోజు నుంచి ఆవిడ కంటికి కునుకు లేదు.

శ్రీకాకుళం దగ్గర సముద్రపు ఒడ్డు పల్లె ఆవిడది. అక్కడి ఆడవాళ్లు చుట్ట నిప్పును నోట్లోకి తిప్పుకుని అడ్డపొగ తాగుతారు. సత్యవతి తల్లీ అలాగే తాగింది, నోట్లో క్యాన్సరు గడ్డ లేచి, మెతుకు మింగలేక ప్రాణం విడిచింది. ఆ మంచం పక్కన ఆఖరిదాకా కూర్చున్న మనిషికి పంతొమ్మిది వందల తొంభై ఆరులో, భర్త పనిచేసే ఢిల్లీ కంటోన్మెంటులో, ఒక డాక్టరు చెప్పే మాట చెవికెక్కుతుందా?

పశువుల డాక్టరు నిజానికి మంచి మాటే చెప్పాడు. ఎక్స్‌రేని వెలుతురుకి పెట్టి చూపించాడు. "అంచులు నున్నగా ఉన్నాయి. చుట్టూ ఎముక పాడవలేదు. వట్టి ఎముక గడ్డే కావచ్చు. కానీ ముక్క పరీక్షిస్తేగాని తేలదు." మత్తిచ్చి చిన్న ముక్క తీశాడు. కోసిన చోట కొన్నాళ్లు నొప్పి ఉంటుంది, మెత్తటి తిండి పెట్టమన్నాడు.

నొప్పికి మిన్నీ తిండి ముట్టలేదు. నోటి వెంట చొంగ కారింది. సత్యవతికి ఇక పిల్లి కనిపించలేదు, అమ్మే కనిపించింది. భర్త హవల్దారు భీమారావు డ్యూటీకి, కూతురు ప్రత్యూష స్కూలుకి వెళ్లాక, మిన్నీని సంచిలో పెట్టుకుని వేరే డాక్టరు దగ్గరికి పోయింది. క్యాన్సరని చెప్పి, ప్రాణం తీసే సూది వేయించింది. ఆ మహానుభావుడైనా ఒక్కసారి దాని నోరు తెరిచి చూడకూడదా! చూడలేదు.

మిన్నీతో కలిసి పెరిగిన పిల్ల ప్రత్యూష. ఆ రోజు నుంచి తల్లితో మాట్లాడటం మానేసింది.

పరీక్ష ఫలితం వచ్చిందని కబురు తెలిసి తండ్రీ కూతుళ్లే వెళ్లారు. మొదటి డాక్టరు సంబరంగా ఎదురొచ్చాడు. "క్యాన్సర్ కాదు! గడ్డ తీసేస్తే హాయిగా బతుకుతుంది. ఎప్పుడు తెస్తారు?"

"ఠీక్ హై సాబ్," అన్నాడు భీమారావు. కూతుర్ని తీసుకుని బయటికి వచ్చేశాడు.

సత్యవతి ఇంటి గుమ్మంలోనే నిలబడి ఉంది. "ఏటన్నాడండి డాకటరు?"

"క్యాన్సరేనట," అన్నాడు భీమారావు నేల చూస్తూ.

ఆవిడ నమ్మలేక కూతురి వైపు తిరిగింది. అబద్ధం ఆడటం రాని పిల్ల అది. తల్లి మీద కసి తీర్చుకోవడానికి ఒక్క మాట చాలు.

ప్రత్యూష తల్లి చెయ్యి పట్టుకుంది. "హాఁ మమ్మీ. క్యాన్సర్ హీ థా."

అని, ఇక ఆపుకోలేక తల్లి భుజం మీద పడి వెక్కి వెక్కి ఏడ్చింది. సత్యవతి దాని వీపు నిమిరింది.

"ఊరుకోయే నా తల్లీ! బతికుంటే మాయమ్మలాగ ఎంత నరకం పడునో."