నురగ పడుకోని దుప్పటి

కుక్క ఎవరిది?

నిన్న సాయంత్రం మేస్త్రీ అడిగిన ఈ ప్రశ్నకు ఇంతవరకూ ఎవరూ జవాబు చెప్పలేదు. జబ్బుపడ్డ కుక్క దగ్గర ఉండడానికి తోడికోడళ్ళిద్దరిలో ఒకరికే సెలవు ఇవ్వగలడు కాబట్టి, ఎవరికివ్వాలో తేల్చుకోవడానికి అతను అడిగాడు. పెద్దకోడలు నోరు తెరిచేలోపు చిన్నకోడలికి కళ్ళనీళ్ళు వచ్చాయి. మేస్త్రీ ఆ నీళ్ళను చూసి సెలవు వాటికే ఇచ్చాడు. ఏడుపు రాని మనిషికి బాధ ఉండదని ఈ లోకం ఎప్పుడు తీర్మానించిందో తెలియదు. ఆ తీర్మానం ప్రకారమే ఈ ఉదయం పెద్దకోడలు ఆస్పత్రి లాండ్రీలో మురికి గుడ్డల బల్ల ముందు నిలబడి ఉంది. చిన్నకోడలు ఇంట్లో కుక్క తల ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది.

వార్డుల నుంచి వచ్చిన దుప్పట్లు బల్ల మీద గుట్టగా పడి ఉన్నాయి. మోచేతుల దాకా రబ్బరు తొడుగులు వేసుకుని, ఒక్కొక్క దుప్పటినీ కొసలు పట్టి దులిపి, నెత్తురు మరకలున్నవాటిని ఎడమ తొట్టిలోకీ, లేనివాటిని కుడి తొట్టిలోకీ వేయడం ఆమె పని. దులపకపోతే స్పూన్లూ కట్టుడు పళ్ళూ మిషనులో పడతాయి. ఆమె పొడుగు మనిషి. బల్ల పొట్టిది. ఏళ్ళ తరబడి దాని మీదికి వంగడం వల్ల భుజాలు ముందుకు వచ్చి, నిటారుగా నిలబడినప్పుడు కూడా ఎవరికో దారి ఇస్తున్నట్టే కనిపిస్తుంది.

లాండ్రీకి నడిమధ్య ఒక గోడ ఉంది. ఇటు మురికి గది, అటు వేడి గది. మురికి గుడ్డలు మిషను ఇవతలి తలుపులోంచి లోపలికి వెళ్ళి, శుభ్రపడి, అవతలి తలుపులోంచి వేడి గదిలోకి వెళ్ళిపోతాయి. ఇటు పనిచేసే మనుషులకు ఆ దారి లేదు. అవతలి వైపు ఇస్త్రీ చేసి మడతలు పెట్టేది చిన్నకోడలు. సాయంత్రానికి ఆమె చేతులు పొయ్యి మీంచి దింపిన గిన్నెలా వెచ్చగా ఉంటాయి, ఉతికిన బట్టల వాసన వేస్తాయి. ఇద్దరి భర్తలూ అన్నదమ్ములు. ఒకే లారీ నడుపుతారు, నెలలో సగం దారిలోనే గడుపుతారు. అత్తగారు పోయినా ఆమె పిలిచిన పిలుపులు మాత్రం ఇంట్లోనూ లాండ్రీలోనూ మిగిలాయి. ఇంట్లో మనుషులంటూ ఉండేది ఆడవాళ్ళిద్దరే, మూడో ప్రాణం ఈ కుక్క, నురగ.

బండి తోసే ముసలాయన కొత్త గుట్ట తెచ్చి బల్ల పక్కన ఆపాడు.

"ఏమ్మా పెద్దకోడలా, మీ తోడికోడలి కుక్కకి ఆఖరి సూది ఇవాళేనటగా?"

"సాయంత్రం. నేను వెళ్ళాక."

"నీకేం పనమ్మా అక్కడ? అది నీ మొహమైనా చూడదుగా. నా కళ్ళతో చూశాను. గేటు దగ్గర నిన్ను గుంజని దాటినట్టు దాటి వెళ్ళి, ఆ పిల్ల మీద పడింది!" నవ్వాడు.

"బండి ఖాళీ చేసి కదులు బాబాయ్. ఆ నవ్వు ఉతకాలంటే ఇక్కడున్న సబ్బు చాలదు."

ముసలాయన నవ్వుతూనే వెళ్ళాడు. ఆమె చేతిలోని దుప్పటిని అవసరానికి మించి గట్టిగా దులిపింది. తోడికోడలి కుక్క! ఆ మాట అన్నవాడికి గాని, విని నవ్వేవాళ్ళకు గాని, మురికి గది వెనకాల కాలువ ఎక్కడుందో తెలుసా?

ఆమెకు తెలుసు. ఒక వానాకాలపు ఉదయం కాలువ పూడుకుపోయి, మిషన్ల నుంచి వచ్చిన నీళ్ళు నురగతో సహా గట్టు మీదికి పొంగాయి. కర్రతో చెత్త లాగుతుంటే ఒక నురగ ముద్ద కదిలింది. సోడా, బ్లీచింగు నీళ్ళలో నాని, కళ్ళు వాచి మూసుకుపోయిన కుక్కపిల్ల అది. పని బట్టలోనే చుట్టి ఇంటికి తీసుకెళ్ళింది. చల్లటి నీళ్ళతో కళ్ళు కడిగింది. గుడ్డను ఒత్తిలా చేసి పాలలో ముంచి, చుక్క చుక్కగా నోట్లో పిండింది. అది బతుకుతుందని అప్పుడు ఎవరూ అనలేదు. బతికాక మాత్రం ఇంటికి వచ్చిన ప్రతివాళ్ళూ ముద్దు చేశారు. పేరు పెట్టింది చిన్నకోడలు. ఆ పేరు అందరికీ నచ్చింది. పెద్దకోడలికీ నచ్చింది. తనకు తట్టనందుకు మాత్రం ఆమె తోడికోడలిని క్షమించలేదు.

మొదటి సూదుల కోసం పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది కూడా చిన్నకోడలే. ఆ వారం మురికి గదిలో ఎవరికీ సెలవు లేదు.

ఆస్పత్రి గుడ్డల్లోని రోగం పసిదానికి అంటుకుంటుందేమోనన్న భయం పెద్దకోడలికి ఆ రోజుల్లోనే పట్టుకుంది. పని దిగేముందు అందరూ సబ్బుతో చేతులు కడుక్కుంటారు. ఆమె అంతటితో ఆగలేదు. దోసెడు బ్లీచింగ్ పౌడరు బకెట్లో కలిపి, మోచేతుల దాకా ముంచి, చర్మం పాలిపోయేదాకా రుద్దుకోవడం అలవాటు చేసుకుంది. ఆ ఘాటుకు పక్కవాళ్ళు ముక్కు మూసుకునేవారు. అన్నేళ్ళుగా అక్కడే ఉన్న ఆమె ముక్కుకు మాత్రం ఆ వాసన తెలియకుండా పోయింది. ఇంత శుభ్రమైన చేతులతో ఇంటికి వెళ్ళి చాపితే, కుక్క ఒకసారి మూతి దగ్గరికి తెచ్చి, తుమ్మి, తల తిప్పుకునేది. ఆ వెంటనే చిన్నకోడలి అరచేతిలో మూతి దూర్చేది.

ఆమె చేయని ప్రయత్నం లేదు. వడివడిగా నడిచి తోడికోడలి కంటే ముందే గుమ్మం ఎక్కేది. కుక్క ఆమె భుజం మీదుగా వీధి మలుపు వైపు చూసేది. తన పళ్ళెంలోని ముక్క చేత్తో అందిస్తే తినేది కాదు. కింద పెట్టి వెనక్కి తగ్గాక తినేది. ఒక చలికాలం, ఆస్పత్రివాళ్ళు పాతబడిందని పక్కన పడేసిన మందపాటి నూలు దుప్పటిని అడిగి తెచ్చుకుంది. చిరుగులు కుట్టింది. బ్లీచింగులో ఒకటికి రెండుసార్లు ఉతికింది. పాలమీగడలా తెల్లబడ్డ ఆ దుప్పటిని మడతపెట్టి, వసారా మూలనున్న చెక్కపెట్టె మీద పరిచింది. కుక్క దాని చుట్టూ దూరంగా తిరిగి, చిన్నకోడలి పాత తువ్వాలు మీద ముడుచుకుని పడుకుంది. ఆ చలికాలమంతా అలాగే పడుకుంది.

"అదేం విశ్వాసమే నీకు!" అని తోడికోడలు లేనప్పుడు దాన్ని తిట్టేది. అది చెవులు వెనక్కి పెట్టి వినేది. తిట్టాక ఆమెకే కళ్ళలో మంట పుట్టేది. ఆ మంట ఎవరి ముందూ నీరుగా మారలేదు. అందువల్లే నిన్న సెలవు దొరకలేదు.

ఇవాళ ఒక్కటే ఆశ మిగిలింది. కుక్కకు మూత్రపిండాలు పూర్తిగా చెడ్డాయి. ఇక బాధ పెట్టవద్దని నిన్న ఇంటికి వచ్చి చూసిన డాక్టరు చెప్పాడు. సాయంత్రం పెద్దకోడలు వచ్చాకే సూది ఇవ్వాలని ముగ్గురూ అనుకున్నారు. ఆఖరి క్షణంలో దాని తల తన ఒళ్ళో ఉండాలని ఆమె కోరిక. జన్మంతా మొహం తిప్పుకున్నది, తిప్పుకునే శక్తి లేనప్పుడైనా తనది కావాలనుకుంది. అది ఉదారమైన కోరిక కాదు. అసూయపడే మనిషికి మిగిలేవి అలాంటి కోరికలే. అసూయపడేలా ఆమెను నిలబెట్టినవాళ్ళకు దాన్ని తప్పు పట్టే హక్కు లేదు.

మధ్యాహ్నం దాటాక గుడ్డల వ్యాను వచ్చింది. డ్రైవరు మూటలు దించుతూ అన్నాడు: "అక్కా, మీ ఇంటిముందు పశువుల డాక్టరు బండి ఆగింది. ఇప్పుడే చూసొస్తున్నా. సాయంత్రం అన్నావుగా?"

ఆమె చేతిలోని దుప్పటి తొట్టిలో కాక నేల మీద పడింది. తొడుగులు ఊడదీసి బల్ల మీద పడేసింది. మేస్త్రీ ఏదో అరిచాడు. చేతులు కడుక్కునే తొట్టినీ, బకెట్‌నీ దాటి వెళ్ళిపోతున్నానన్న స్పృహ కూడా ఆమెకు లేదు. వ్యాను డ్రైవరే వీధి మలుపులో దింపాడు. దారి పొడుగునా ఆమె ఒకే మాట అనుకుంది: ఇది కూడా దక్కనివ్వలేదు.

వసారాలో చిన్నకోడలు గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. తువ్వాలు మీద నురగ పక్కకు ఒరిగి పడుకుని ఉంది. పక్కటెముకలు లెక్కపెట్టేలా ఉన్నాయి, మూతి చుట్టూ బొచ్చు నెరిసింది. డాక్టరు పెట్టె తెరుస్తున్నాడు.

"సాయంత్రం అన్నావు కదే."

"మూలుగుతోంది అక్కా. చూడలేక డాక్టరుగారికి ఫోన్ చేశాను."

"నాకో?"

చిన్నకోడలు తువ్వాలు కొస సర్దింది.

"సూది ఇంకా ఇవ్వలేదమ్మా," అన్నాడు డాక్టరు. "ఇద్దరూ ఉన్నారు, మంచిదే. తల ఎవరు పట్టుకుంటారు?"

"నేను," అన్నాయి రెండు గొంతులు ఒకేసారి.

పెద్దకోడలు నేల మీద కూలబడింది. ఎప్పటిలా చేయి చాపలేదు. అవమానం పాతదైనా ఇంకొకసారి పడే ఓపిక లేదు. కుక్క మూతికి కాస్త దూరంలో, చెమ్మగా ఉన్న అరచేతిని గచ్చు మీద ఆనించి ఊరుకుంది.

కుక్క ముక్కు కదిలింది. మెడ కష్టంగా చాపి, ఆమె వేళ్ళ కొసల నుంచి మణికట్టు దాకా వాసన చూసింది. మళ్ళీ మొదటి నుంచి చూసింది. తర్వాత ఎండిపోయిన నాలుకతో ఆ అరచేతిని నాకింది. నాకి, గడ్డం అందులో పెట్టి, ఊపిరి వదిలింది. పెద్దకోడలు కదల్లేదు. కదిలితే అది పొరపాటు తెలుసుకుని తల తిప్పుకుంటుందేమోనని కదల్లేదు.

"అదేంటి... నీ చెయ్యి నాకుతోందేంటి?" అంది చిన్నకోడలు. ఆ గొంతులోని జీరను పెద్దకోడలు గుర్తుపట్టింది. ఇన్నేళ్ళూ అది తన గొంతులో ఉండేది.

డాక్టరు మందు ఎక్కిస్తూ, తల ఎత్తకుండానే అన్నాడు: "నిన్న ఈవిడ దగ్గర బ్లీచింగ్ గుప్పుమంది. ఇవాళ లేదు, అందుకే వచ్చింది. కళ్ళు ఆ నీళ్ళలోనే కాలాయి కదా, ఆ వాసనంటే దీనికి ప్రాణభయం. ఇంట్లో అందరినీ మామూలు సబ్బే వాడమని మొదటి సూదికి వచ్చినప్పుడే చెప్పానుగా నీకు?"

"మర్చిపోయానండీ," అంది చిన్నకోడలు.

సూది పడింది. అరచేతిలో గడ్డం కొంచెం బరువెక్కింది. వెచ్చటి ఊపిరి మణికట్టుకు తగిలి, ఆగి, మళ్ళీ తగిలి, తర్వాత తగల్లేదు. డాక్టరు గుండె మీద గొట్టం పెట్టి విని, తల ఊపాడు. వీధిలో ఎవరో సైకిలు గంట కొట్టుకుంటూ పోయారు.

తీసుకెళ్ళి పాతిపెట్టించే పని డాక్టరు ఒప్పుకున్నాడు. చుట్టడానికి ఏదైనా గుడ్డ ఇమ్మన్నాడు. పెద్దకోడలు లేచి, వసారా మూలకు వెళ్ళి, తెల్ల దుప్పటి తెచ్చింది.

"అందులో వద్దక్కా!" చిన్నకోడలు చప్పున అడ్డం వచ్చింది. "ఆ వాసన దానికి పడదు."

అన్నాక గాని తాను ఏం అన్నదో ఆమెకు తెలియలేదు. డాక్టరు పెట్టె మూయడంలో మునిగాడు. పెద్దకోడలు దుప్పటిని గుండెకు ఆనించుకుని నిలబడింది. చిన్నకోడలు తువ్వాలులోనే కుక్కను చుట్టింది. బండి వెళ్ళిపోయింది.

"మర్చిపోలేదన్నమాట," అంది పెద్దకోడలు.

చిన్నకోడలు గచ్చు వైపు చూస్తూ అంది: "అత్తయ్య తాళాలు నీకిచ్చింది. ఇంట్లో ఏం కొనాలన్నా నిన్నే అడుగుతారు. నేనేదైనా అంటే నవ్వుతారు, అంతే. గుమ్మంలోకి రాగానే నా కోసం లేచి వచ్చేది అదొక్కటే అక్కా. నువ్వు చేతులు మామూలుగా కడుక్కుంటే అది కూడా నీదే అయిపోయేది."

"నాది అవుతుందని నీకు తెలుసు."

"తెలుసు."

"నాకు తెలియనివ్వలేదు."

చిన్నకోడలు ఏడ్చింది. నిన్న సెలవు ఇప్పించిన ఆ కన్నీళ్ళు ఇవాళ ఏమీ ఇప్పించలేదు. పెద్దకోడలు దుప్పటిని తీసుకెళ్ళి ఎప్పటి చోటే పెట్టింది. పెరట్లో కుళాయి దగ్గరకు వెళ్ళి తిప్పింది. నీళ్ళు పడుతున్నాయి. కుక్క నాకిన చేతిని వాటికి అందకుండా వెనక్కి దాచుకుని, రెండో చేత్తో కుళాయి కట్టేసింది. రేపు పొద్దున్న ఇద్దరూ అదే దారిన నడిచి, ఆ గోడకు చెరోవైపు నిలబడతారు.

ఇద్దరూ ప్రేమించారు కదా అని సర్దిచెప్పే తీర్పు ఇక్కడ చెల్లదు. అలాంటి తీర్పులు దెబ్బ తగలనివాళ్ళకే బాగుంటాయి. కుక్క ఎవరిదో చెప్పగలమనుకునేవారు ముందు ఆ వసారా మూలకు వెళ్ళండి. చెక్కపెట్టె మీద, వేసిన మడత వేసినట్టే ఉన్న ఆ తెల్ల దుప్పటిని విప్పి, దాని మీద ఒక్క కుక్క వెంట్రుక వెతికి తెచ్చి చూపించండి.