పద్నాలుగో నంబరు ఆడచేపకు ఇంజెక్షన్ లేదు

బీదర్‌లో చేప తెచ్చిన రోజు నల్లా రాదు, నల్లా వచ్చిన రోజు చేప దొరకదు. ఆదివారం చర్చి నుంచి వస్తూ ఎజ్రా రెండు కిలోల రవ్వ చేప తెచ్చి, సగం బకెట్ నీళ్ళ పక్కన పడేశాడు.

"చేపల ఆఫీసుల పనిచేస్తవు గదా, నీకు అలవాటే" అన్నాడు పెళ్ళాం హేబ్సిబాతో.

కరెంటు ఆఫీసులో పనిచేసే ఎజ్రా ఇంట్లో బల్బు మార్చగా హేబ్సిబా ఎన్నడూ చూడలేదు.

చేపల ఆఫీసంటే పరిశోధన కేంద్రం. నదుల్లో అంతరించిపోతున్న మహసీర్ చేపల్ని అక్కడ తొట్లలో పెంచుతారు. వాటి రక్తంలో హార్మోన్లు చూడడం, తిన్నది ఒంటికి పడుతోందో లేదో రాయడం హేబ్సిబా పని. మొన్న శుక్రవారం పద్నాలుగో నంబరు ఆడచేప వంతు వచ్చింది. ఒంట్లో కొవ్వు లేదు, గుడ్డు కట్టే హార్మోను లేదు, బెదురు హార్మోను మాత్రం నిండుగా ఉంది. ఆఫీసరు ఖండప్ప కాగితం చూసి, "దీనికి ఈ యేడు గుడ్ల ఇంజెక్షన్ వద్దమ్మా. మంచిగ తినిపియ్యిండ్రి, ఎవ్వరు ముట్టొద్దు" అన్నాడు. ఎవరూ వాదించలేదు. చేపకి అత్తగారు కూడా లేరు.

హేబ్సిబాకి రెండు కడుపులు పోయాయి. ఒంట్లో రక్తం ఏడు గ్రాములే. "ముందు బాగా తిను, తొందరేం లేదు. కాదంటే సోమవారం నుంచి గర్భం కోసం ఇంజెక్షన్లు మొదలుపెడదాం" అంది డాక్టరమ్మ. ఇంట్లోవాళ్ళకి ఆ మాటల్లో సోమవారం ఒక్కటే వినబడింది.

"ఏడైతేంది, ఎనిమిదైతేంది? మా కాలంల ఎవరు చూసిండ్రు?" అంది అత్త తాయవ్వ. "మేం ప్రార్థన జేస్తున్నం, నువ్వు సూది ఏసుకో."

"అమ్మ మాట్లాడుతుంటె మొఖం అట్ల పెట్టకు" అన్నాడు ఎజ్రా.

కూర దిగింది. హేబ్సిబా ఎప్పటిలా తోకముక్క తనకి పక్కన పెట్టుకోబోయి ఆగింది. తలకాయ, రెండు నడిముక్కలు పళ్ళెంలో వేసుకుని, వంటింట్లోనే నిలబడి, వాళ్ళకంటే ముందు తినేసింది. చెయ్యి కడుక్కుని ఆస్పత్రికి ఫోన్ చేసి సోమవారం రానని చెప్పింది.

"మల్ల ఎప్పుడొస్తరు మేడం?"

"ఇప్పుడైతె రాను."

"ఏమాయె, కూర తెస్తున్నవా లేదా?" అని హాల్లోంచి కేక.

ఇప్పుడు గిన్నెతో పాటు ఈ సంగతి కూడా మోసుకెళ్ళాలి. డాక్టరు వద్దందంటే ఎజ్రా ఫోన్ చేసి కనుక్కుంటాడు. దేవుడు వద్దన్నాడంటే తాయవ్వ మోకాళ్ళేసి నేరుగా ఆయన్నే అడుగుతుంది. "నాకే వద్దు" అన్నది నిజం. ఆ ఇంట్లో అది కారణాల కింద రాదు. కూర చల్లారిపోతోంది. బాబ్బాబు, మీ ఇళ్ళలో ఎప్పుడైనా, ఎవరికైనా చెల్లిన కారణం ఒక్కటి ఉంటే తొందరగా చెప్పండి.