గోవిందుకు మొలిచిన చెయ్యి

పొద్దున బర్రెకు మేత వేసి, పాలు పిండి, కేంద్రంలో పోసి వచ్చాక ఈరమ్మ చేసే మొదటి పని మొగుడి చెయ్యి కడగడం. నీళ్లు గోరువెచ్చగా కాచి, చిటికెడు పసుపు వేసి, తాంబాళంలో పోసి మంచం పక్కన పెట్టేది. గోవిందు పడుకున్నచోటు నుంచే కుడి మణికట్టు చాచేవాడు. ఎడమ చేతిలో ఫోన్‌లో పాటలు అట్లాగే మోగుతూ ఉండేవి.

ఫాల్గుణంలో మల్దకల్ దగ్గర పల్లికాయ నూర్చే మిషన్ అతని కుడి చేతిని మణికట్టు దాకా లాగేసుకుంది. గద్వాల దవాఖానలో కుట్లేసి పంపారు. పదిహేనో రోజున కుట్ల మధ్యలోంచి మొలక వచ్చింది. ఊళ్లో ఎవరూ వింతగా చూడలేదు. ఆ ఇంటి మగవాళ్లకు మొలుస్తాయి. గోవిందు చిన్నాయనకు పంది కొరికిన చెవి మొలిచింది, కాకపోతే కాస్త వంకరగా. పలకరించడానికి వచ్చినవాళ్లు "ఎన్ని దినాలకు మొలిచింది?" అని అడిగి, బోరు నీళ్ల సంగతిలోకి పోయేవాళ్లు.

ఈరమ్మ మాత్రం మొహం పక్కకు తిప్పుకుని కడిగేది. తొక్క ఒలిచిన ముంజలా ఉండేది అది, లోపల సన్నటి నీలం గీతలతో. ఈనిన బర్రె మాయ వాసన వచ్చేది. ఎంత కడిగినా జిగురు ఊరేది. ఆ జిగురు ఆమె గోళ్లలో ఇరుక్కుని సబ్బుకు కూడా వదిలేది కాదు. అన్నం కలుపుకుంటే వేళ్ల నుంచి అదే వాసన. సగం తిని కంచం పక్కకు నెట్టేది.

"మొగుని చెయ్యి కడిగెటందుకు రోతనా నీకు?" అంది అత్త జములమ్మ.

"రోత గాదత్తా. వాసన పడ్తలేదు."

"చంటిపిల్లల వాసనే గద అది. పడకుంటే ఎట్ల?"

ఈరమ్మ తాంబాళం ఎత్తుకుని బయటికి పోయింది. ఆమెకు పిల్లలు లేరు.

మంగళవారం మంగళవారం నర్సు ప్రేమలత వచ్చి చూసిపోయేది. బడిలో సైన్సు చెప్పినట్టు ఓపిగ్గా చెప్పేది.

"ఒక కణం రెండైతది, రెండు నాలుగైతయి. గీ ముద్దలున్నయి మూలకణాలు ఈరమ్మా. ఏం గావాల్నో ఇంక తేల్చుకోనియి. కొన్ని బొక్కలైతయి, కొన్ని తోలైతయి."

"మరి నరాలు?"

"నరాలు పై నుంచి దిగి రావాలె. దినానికి గోరు మందం దిగుతయి, అంతే. అవి వచ్చినంక చెయ్యికి అన్నీ కొత్తగ నేర్పాలె. పాత చెయ్యికి వచ్చినయి ఏవీ దీనికి రావు."

"ఏవీ రావా?"

"ఏవీ రావు. పసిపిల్ల చెయ్యే అనుకో."

చైత్రం చివర్లో వేళ్లు కనబడ్డాయి. బాతు కాలులాగా సందుల్లో తోలు కప్పుకుని ఉన్నాయి. ఒక పొద్దున కడుగుతుంటే ఆ తోలు పొరలు పొరలుగా ఊడి నీళ్ల మీద తేలింది. సందుల్లోని కణాలు చస్తేనే వేళ్లు విడివడతాయని ప్రేమలత ముందే చెప్పింది. అయినా ఈరమ్మ చేతులు తాంబాళంలోనే ఆగిపోయాయి.

ఆ వేళ్లను ఆమె ఇంతకుముందు చూసింది.

నాలుగేళ్ల కింద ఆమెకు మూడో నెల. కూరలో ఉప్పు ఎక్కువైందని గోవిందు పిడికిలి బిగించి నడుములో గుద్దాడు. తెల్లారి గుడ్డ మీద పడిన నెత్తుటి ముద్దలో ఒక చెయ్యి ఉంది, జొన్నగింజంత. వేళ్లు అప్పుడప్పుడే విడివడుతున్నాయి. ఎవరికీ చూపకుండా గడ్డివాము వెనక పూడ్చింది. ఇప్పుడు ఆ పిడికిలే ఆ పసిచేతి రూపం ఎత్తుకుని మళ్లీ పుడుతోంది. దానికి తను నీళ్లు పోస్తోంది.

తాంబాళాన్ని పెంటకుప్ప మీద బోర్లించి, గోడ పట్టుకుని, పేగులు బయటికొచ్చేలా కక్కింది.

జ్యేష్ఠంలో నరాలు దిగాయి. చీమలు పాకుతున్నాయని గోవిందు రెండు వారాలు అరిచాడు. ఆ తర్వాత ఒక రోజు, కడుగుతుంటే, ఐదేళ్ల పిల్లవాడి చెయ్యంత ఉన్న ఆ చెయ్యి ఈరమ్మ చూపుడువేలిని పట్టుకుంది. జములమ్మ కళ్లు తుడుచుకుని పక్కింటివాళ్లను పిలిచింది. అందరూ నవ్వుతూ చూస్తున్నారు. ఈరమ్మకు తన వేలి మీద జెర్రి చుట్టుకున్నట్టు అనిపించింది. లాక్కోకుండా ఉండటానికి పళ్లు బిగపట్టింది.

ఆ వారం ప్రేమలత ఒక రబ్బరు బంతి తెచ్చింది.

"దీన్ని వత్తిపిచ్చుకుంట దినానికి వందసార్లు పిడికిలి పట్టియ్యి. మొదాల ఏది నేర్పితే నరాలు గదే పట్టుకుంటయి. నేర్పనియి ఎండిపోతయి."

"పిడికిలేనా అక్కా?"

"పిడికిలొస్తె అన్నీ వస్తయి."

ప్రేమలత బండి మలుపు తిరిగేదాకా చూసి, ఈరమ్మ బంతిని పాడుబడ్డ బావిలో పారేసింది. చెయ్యి గోవిందుదే అయినా దానికి నేర్పే పని అతను ఎప్పుడో ఆమెకు వదిలేశాడు.

శ్రావణంలో సీడు పత్తి చేలలో క్రాసింగ్ పని మొదలైంది. మగ పువ్వు పట్టుకుని ఆడ పువ్వు మీద పుప్పొడి రుద్దే పని. ఈరమ్మ రోజూ కొంగులో పువ్వులు తెచ్చేది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఒక్కోటి పెట్టేది.

"గట్టిగ పట్టకు. పుప్పొడి రాలాలె, రేక నలగొద్దు."

"ఆడోళ్ల పని నేర్పుతున్నవేందే నాకు?"

"నర్సక్క గిట్లనే చెయ్యమన్నది."

అబద్ధం అంత తేలిగ్గా వచ్చినందుకు తన నాలుక మీద తనకే అసహ్యం వేసింది. అయినా ఆపలేదు. వందసార్లు, రెండొందలసార్లు. మిగతా వేళ్లు లోపలికి ముడుచుకోబోతే ఒక్కొక్కటీ పట్టి చాపేది. ఆ మెత్తటి వేళ్లు తగిలిన ప్రతిసారీ ఒళ్లు జలదరించేది. చాపుతూనే ఉండేది.

భాద్రపదానికి చెయ్యి పూర్తి మనిషి చెయ్యి అయింది. పాలిపోయి, నున్నగా ఉంది. కొడవలి ఇస్తే జారిపోయింది. చెంబు ఇస్తే జారిపోయింది. పువ్వు ఇస్తే మాత్రం రేక నలగకుండా పట్టుకుంది.

ఒక మధ్యాహ్నం రొట్టె మాడిందని గోవిందు లేచాడు. ఎన్నేళ్ల అలవాటో, కుడి చెయ్యే పైకి లేచింది. ఈరమ్మ కళ్లు మూసుకుంది. వేళ్లు వచ్చి చెంప మీద పడ్డాయి, మెత్తగా, పుప్పొడి రుద్దినట్టు రెండుసార్లు రుద్ది ఆగాయి. దెబ్బ ఓర్చిన చెంప ఆ నిమురుడు ఓర్వలేకపోయింది. ఆమె బయటికి వెళ్లి మొహం కడుక్కుంది. మళ్లీ కడుక్కుంది.

తెల్లారి రెండు చీరలు సంచిలో పెట్టుకుని గద్వాల బస్టాండుకు వచ్చింది. బిజినేపల్లిలో ఆమె అక్క హాస్టల్లో వంట చేస్తుంది, ఇంకో మనిషి కావాలని ఎప్పటి నుంచో అంటోంది. వనపర్తి బస్సు మెట్టు మీద కాలు పెట్టేసరికి గోవిందు వెనక నుంచి వచ్చి, ఎడమ చేతిలో ఫోన్ ఉండగా, కుడి చేత్తో ఆమె జబ్బ పట్టుకున్నాడు.

"యాడికే? నడువు ఇంటికి!"

ఈరమ్మ భుజం ఒక్కసారి విదిలించింది. చెయ్యి జారిపోయింది. గోవిందు మళ్లీ పట్టాడు, మళ్లీ జారింది. జనం చూస్తున్నారు. అతను తన చేతికేసి చూసుకుంటూ నిలబడిపోయాడు. ఈరమ్మ ఎక్కాక బస్సు తలుపు పడింది.

సీట్లో కూర్చుని అతను ముట్టిన చోటు ఎర్రబడేదాకా కొంగుతో తుడుచుకుంది.

"యాడికి?" అన్నాడు కండక్టర్.

"బిజినేపల్లి."

"ఈ బస్సు పోదు. వనపర్తిల దిగి మారాలె."

"మారుత," అంది ఈరమ్మ.