రెండంగుళాల మిగులు

పిల్లల బాణాలు కోసిచ్చేది ఆయనే. విలువిద్య నేర్పే క్లబ్బు మైదానం పక్కన ఇరుకు గది, కోత యంత్రం, కొలబద్ద, గోడకు ఆనించిన అల్యూమినియం గొట్టాలు. ముప్పై ఏళ్లుగా అదే పని. పిల్లలకు తాత, కోచ్‌కు బాబాయ్.

గీతలు పెట్టిన పొడవాటి బాణంతో పిల్లచేత విల్లు లాగించేవాడు. నారి గడ్డానికి తగిలాక, బాణం విల్లును ఏ గీత దగ్గర దాటుతోందో చూసి, దానికి రెండంగుళాలు కలిపి కోసేవాడు. "పిల్లలు చూస్తుండగానే ఎదుగుతారు. బాణం ఎదగదు" అనేవాడు.

పోటీలకు నెల ముందు కోచ్ ఒక పదకొండేళ్ల పిల్లను తీసుకొచ్చాడు. ముందు పళ్ల మధ్య సందు ఉందని అందరూ ఆమెను కిటికీ అనేవాళ్లు. అందరికంటే గురి ఉన్న పిల్ల.

"బాబాయ్, దీని బాణాలు బరువెక్కువై దూరం పోవట్లేదు. మిగులు తీసెయ్."

"తీసేస్తే, రేపు చెయ్యి కాస్త సాగినా మొన విల్లు వెనక్కి జారుతుంది. వదిలితే పోయేది చేతిలోకే."

"నెల్లో ఎంత సాగుతుందేంటి? చూసుకోడానికి నేను లేనూ? నువ్వూ నీ చాదస్తమూను."

"కోసెయ్ తాతా" అంది కిటికీ. "ఈసారి పతకం నాదే."

ముసలాయన కాసేపు నసిగాడు. ఆ తర్వాత ఆరు బాణాలూ కోశాడు.

పోటీలు మూడు నెలలు వాయిదా పడ్డాయి. కిటికీ కాస్త ఎదిగింది, నారిని ముందుకంటే ఎక్కువ వెనక్కి లాగడం నేర్చుకుంది. మళ్లీ కొలవాలని ఎవరికీ తోచలేదు. ముసలాయనకు తోచింది, కానీ చేతినిండా పని, ఇవాళ కాకపోతే రేపు అనుకున్నాడు.

ఒక ఉదయం ఆమె నారి లాగినప్పుడు మొన వెనక్కి జారింది. చూసుకోకుండా వదిలింది. బాణం విల్లు పట్టిన ఎడమచేతిలో, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య దిగబడింది. పిల్ల అరవలేదు. అది ఎవరి చెయ్యో అన్నట్టు చూస్తూ నిలబడిపోయింది.

ఆసుపత్రి వరండాలో కోచ్ కిటికీ తల్లికి చెబుతున్నాడు. లాండ్రీలో ఇస్త్రీ చేసే ఆమె పని మధ్యలో పరుగెత్తుకొచ్చింది.

"తొందరపడిందమ్మా. ఎన్నిసార్లు చెప్పినా పిల్లలు వినరు కదా."

కట్టు కట్టిన చేతితో బల్లమీద కూర్చున్న కిటికీ తల వంచుకుంది. "నాదే తప్పమ్మా" అంది.

అప్పుడే మెట్లెక్కి వచ్చిన ముసలాయన ఆ మాట విన్నాడు.

"పిల్ల తప్పు కాదమ్మా. బాణం పొట్టిది. కోసింది నేను."

"బాబాయ్, నువ్వు ఊరుకో" అన్నాడు కోచ్.

"కొయ్యకూడదని తెలిసే కోశాను" అన్నాడు ముసలాయన.

తల్లి ఆయన్ని కిందనుంచి పైదాకా చూసింది. "మీకు మనవలున్నారా?"

"ఉన్నారమ్మా."

"వాళ్లకైతే కోసేవారా?"



ముసలాయన అక్కణ్ణుంచి తిన్నగా మైదానానికి వెళ్లి పిల్లలందరినీ వరసగా నిలబెట్టి విల్లు లాగించాడు. పద్నాలుగు మందిలో ఐదుగురి బాణాలు పొట్టివైపోయాయి. వాటిని ఒక్కొక్కటే మోకాలికేసి వంచి పనికిరాకుండా చేశాడు. మర్నాడు క్లబ్బువాళ్లు ఆయన దగ్గర గది తాళాలు తీసుకున్నారు. క్లబ్బు పరువు తీశాడట. కోచ్ అక్కడే ఉన్నాడు.

గాయం మానింది గానీ నరం అతకలేదు. కిటికీ బొటనవేలు మళ్లీ వంగలేదు. ఆరునెలల తర్వాత ముసలాయన ఉండబట్టలేక వాళ్లింటికి వెళ్లాడు. తల్లి తలుపు ఓరగా తీసింది.

"ఒక్కసారి చూసి పోతానమ్మా."

ఆమె కదల్లేదు. లోపలినుంచి పిల్ల గొంతు వినిపించింది. "ఎవరమ్మా?"

"ఎవరూ కాదు. ఇల్లు పొరబడి వచ్చారు" అని తల్లి తలుపు వేసేసింది.

ఆయన మళ్లీ తట్టలేదు. కమ్మీ పట్టుకుని, మూడంతస్తుల మెట్లూ ఒక్కొక్కటిగా దిగాడు.