డెస్మండ్ అనని మాట

"మళ్ళీ చెయ్యి. ఈసారి కన్ను కొట్టు," అన్నాడు ప్రొడ్యూసరు మార్విన్.

మధ్యాహ్నం మూడు దాటింది. అయిదింటికి మూడొందల మంది ప్రేక్షకులు వచ్చి కూర్చుంటారు. కాలిఫోర్నియాలో బర్బ్యాంక్ ఊళ్ళోని ఆ టీవీ స్టూడియోలో పొద్దుటి నుంచి రిహార్సల్ ఒకే ఒక్క మాట దగ్గర ఆగిపోతోంది.

లీలండ్ ప్రూయిట్ నాలుగేళ్ళుగా ఆ టీవీ హాస్య సీరియల్‌లో పక్కింటి డెస్మండ్. డెస్మండ్ గే. నెలకోసారి తలుపు తోసుకుని వస్తాడు, రెండు విసుర్లు విసిరి వెళ్ళిపోతాడు. కాంట్రాక్టు లేదు, పిలిచిన వారానికే జీతం. అయినా ఎక్కడెక్కడి నుంచో ఉత్తరాలు వచ్చేవి. డెస్మండ్‌ను చూసి నవ్వడం మొదలెట్టాకే తన భర్త, గే అయిన తన తమ్ముణ్ణి భోజనానికి రానిచ్చాడని ఒకావిడ రాసింది.

ఈ వారం కథలో డెస్మండ్‌కు బడిలో టీచరు ఉద్యోగం వస్తుంది. పక్కింటాయన తన కూతుర్ని వెనక్కి లాక్కుని, లెక్కలు నేర్పుతావా, ఇంకేమైనా నేర్పుతావా అని అడుగుతాడు. డెస్మండ్ నడుం మీద చెయ్యేసి, కన్ను కొట్టి, "లెక్కలు నాకు రావుగా" అనాలి.

లీలండ్‌తో పదేళ్ళుగా కాపురముంటున్న ఓరిన్ మూడో తరగతి టీచరు. లోకానికి మాత్రం అతను అద్దెలో సగం పంచుకునే స్నేహితుడు. గే టీచర్లను బడుల్లోంచి తీసెయ్యాలన్న ప్రతిపాదన మీద ఆ 1978 నవంబరులో కాలిఫోర్నియా అంతా ఓటు వెయ్యబోతోంది. ఇద్దరు తల్లులు తమ పిల్లల్ని తన తరగతి నుంచి మార్పించుకున్నారని ఆ పొద్దున రొట్టెకు వెన్న రాస్తూ ఓరిన్ చెప్పాడు. ఎందుకో హెడ్మాస్టరు చెప్పలేదట, తనూ అడగలేదట. ఈ వారం తన డైలాగేమిటో లీలండ్ అతనికి చెప్పలేకపోయాడు.

మార్విన్ చెడ్డవాడు కాడు. డెస్మండ్ పాత్ర కోసం పైవాళ్ళతో పోట్లాడినవాడు. అతను లీలండ్‌ను తెర వెనక్కి తీసుకెళ్ళాడు.

"నవ్వించావు కాబట్టే నిన్ను ఇళ్ళల్లోకి రానిచ్చారయ్యా. నవ్వు ఆగిందా, తలుపేసేస్తారు. అప్పుడు నేనేం చెయ్యలేను."

"వాళ్ళ అనుమానం నిజమేనని నా నోటితోనే అనిపిస్తున్నావు, మార్విన్."

"ఉత్త జోకు, లీలండ్."

"నువ్వు ఆదివారం మీ అమ్మగారికి చెప్పి నవ్వుకునే జోకు. ఓటేసేటప్పుడు ఆవిడకు గుర్తొచ్చే జోకు."

మార్విన్ వాచీ చూసుకుని, ఆ మాట అనకపోతే వచ్చే నెల డెస్మండ్ ఊరు మారిపోయాడని రాయించక తప్పదని మెల్లగా చెప్పాడు.

అయిదింటికి దీపాలు వెలిగాయి. లీలండ్ తలుపు తోసుకుని లోపలికి రాగానే చప్పట్లు మోగాయి. పక్కింటాయన కూతుర్ని వెనక్కి లాక్కున్నాడు, తన ప్రశ్న వేశాడు. జనం అప్పుడే నవ్వడానికి సిద్ధంగా ఉన్నారు. లీలండ్ చేతులు పక్కలకు దించాడు.

"లెక్కలే నేర్పుతాను," అన్నాడు.

ఎవరూ నవ్వలేదు. ఎక్కడో ఎవరో దగ్గారు. మైకులోంచి మళ్ళీ మొదటి నుంచి అని వినిపించింది. లీలండ్ తలుపు అవతలికి వెళ్ళాడు, వచ్చాడు, అదే మాట అదే గొంతుతో అన్నాడు. ఈసారి పక్కింటాయన వేషం వేసినవాడు పిల్ల భుజం మీంచి చెయ్యి తీసేసి నేల చూశాడు.

"మళ్ళీ," అన్నారు మైకులో.

అట్ట గోడల వెనక చీకట్లో లీలండ్ నిలబడ్డాడు. లెక్కలే నేర్పుతాను అని లోలోపల అనుకుంటూ, తలుపు పిడి పట్టుకున్నాడు.