ఎడమపురి నూలు

మార్గశిర మాసమగుటచే నాగావళీ నదీజలములపై రాత్రియెల్ల పరుండియున్న మంచు ప్రాగ్గిరి శిఖరముల మీదుగా బాలసూర్యుని లేతకిరణములు సోకినంతనే మెల్లమెల్లగా లేచి ఇసుకతిన్నెలను దాటి చోళ్లచేలపై తారాడి సాలిపేట యిండ్ల తాటాకు కప్పుల మీద క్షణకాలము నిలిచి యావల నెచ్చటనో మాయమగుచుండెను. వీధి పొడవునను గంజిపెట్టిన పడుగులు బారలు సాచియుండగా స్త్రీలును పురుషులును వాని కిరుప్రక్కల నడచుచు కుంచెలతో దువ్వుచుండిరి. సాధారణ దినములలో నట్టివేళ నా వీధియందు మగ్గముల చప్పుడు తప్ప మరియొకటి వినరాదు. ఆనాడు పున్నమ యగుటచే మగ్గములన్నియు నూరకుండెను.

ఆ పేటయందు నేయబడు చేనూలుబట్టకు దూరదేశములందును పేరు గలదు. ఆ పేరు నిలుపుకొనుటకై పూర్వులొక కట్టడి చేసియుండిరి. మగ్గమునుండి దిగిన ప్రతి బట్టయు పున్నమనాటి యుదయమున కులపెద్దయగు సేనాపతి యరుగుమీదికి రావలెను. ఏటవాలుగా పడు నెండయందు పరీక్షకుడు దానిని పరచి చూచి చేత వడకిన నూలు తప్ప మరనూలు పోగైన నందు లేదని తేల్చిన పిమ్మటనే దాని కొంగున పేట ముద్ర పడవలెను. మరనూలు కలిపిన సాలెవాని మగ్గపుగుంట పూడ్చివేయుదురు. కాళ్లు దింపుకొని కూర్చుండు గుంట మంటితో నిండిన తరువాత వానికిక నేత యెక్కడిది, నేత లేని సాలెయింట పొయ్యి రాజుట యెక్కడిది. కావున పున్నమ వచ్చిన దనిన ఎంతటి పనివానికైనను గుండెలు పీచుపీచుమనుచుండును.

పరీక్షకుడు కూర్మయ్య. తంతుతత్త్వవిశారదుడును మితభాషియు ముక్కుమీద కోపముగల వృద్ధుడునగు నతనికి కన్ను చెప్పినదానికంటె బొటనవ్రేలు చెప్పినదే వేదము. కండె నొకమారు చెంపకానించి యిది పునాసపత్తి యిది కొండపత్తి యని విడదీయును. పోగు నాలుకపై తడిపి లాగి పుటుక్కున తెగినచో మరనూలనియు పీచులు సాగి జారి తెగినచో చేనూలనియు తేల్చును. నిప్పులో కాల్చి చూడుడని యెవడైన కొత్తవాడు సలహా చెప్పబోయినచో, రెండును పత్తియే కదా నాయనా, కాలినవేళ రెండును కాగితపు కంపే కొట్టును, పట్టుచీర తెచ్చిననాడు నీవు చెప్పిన నిప్పు తెప్పించెదనని వాని నోరు మూయించును. ఆ ముద్రకొరకై యతని గుమ్మమున పడిగాపులు పడినవారెందరో, ముద్ర దొరకక బట్ట చంకబెట్టుకొని యతనిని తిట్టుకొనుచు పోయినవారు నందరే.

ఆ యుదయమున గున్నయ్య యను పడుచువాని బట్ట యరుగుమీదికి వచ్చెను. వానికి తండ్రి లేడు. ముసలితల్లియు నిండుచూలాలగు భార్యయు వాని మగ్గమునే నమ్ముకొనియుండిరి. బట్ట పరచినంతనే చూపరులందరు నోహో యనిరి. అంతటి సన్నని నేత యా పేటలో నీనడుమ దిగియుండలేదు. అయితే సేనాపతి ముఖలింగము బట్ట యంచు పట్టుకొని యెండకెదురుగా నొకింత వంచునప్పటికి తెల్లని యా వస్త్రమధ్యమున నడ్డముగా నీడచారలు కొన్ని పొడకట్టెను. చదునుగా పరచినప్పుడు లేవు. వంచినప్పుడున్నవి. నేతయందు నూలు మారినగాని యట్టి నీడ పుట్టదని యచ్చటి చిన్నపిల్లలకును తెలియును.

“మరనూలు కలిపినావేట్రా, గున్నా?” అని ముఖలింగ మడిగెను.

“నేదు పెద్దయ్యా. పోగు కూడా కలపనేదు. అంతా సేత్తో వడికిన నూలే.”

“అలగైతే ఈ నీడలేటి? ఎవులు వడికిన నూలిది?”

“మన యిళ్లల్లో నూలు సాల్లేదు. మిగతాది సంతలో కొన్నాను.”

“అమ్మిన మనిసికి పేరుండదేట్రా?”

గున్నయ్య తలవంచుకొనెను. గుచ్చిగుచ్చి యడిగినను వాని నోట పేరు రాలేదు. వడకినవారి పేరు చెప్పలేని నూలును మరనూలుగానే యెంచవలెనని కట్టడియందున్నది. ఆ మాట వానికి తెలియకపోలేదు. తెలిసియు పెదవి కదపని వానిని చూచి కొందరు జాలిపడిరి, కొందరు వీడు తన గొయ్యి తానే పూడ్చుకొనుచున్నాడని గొణిగిరి. వీధి మొగను వాని తల్లి కొంగు నోట కుక్కుకొని నిలుచుండెను.

అంతట కూర్మయ్య ముందునకు వంగి నీడచార యున్నచోట బట్ట యంచునుండి పేకపోగొకటి గోటితో నేర్పుగా లాగెను. నాలుకపై తడిపి లాగగా పీచులు సాగి జారి మెల్లగా తెగెను. చేనూలే. ముఖలింగమునకు చెప్పుటకై నోరు తెరవబోవుచు అలవాటు చొప్పున మిగిలిన పోగును పురి విప్పిచూతమని బొటనవ్రేలికిని చూపుడువ్రేలికిని నడుమ నుంచి నలిపెను. జన్మమంతయు నేవైపు నలిపిన నూలు విడునో యావైపే నలిపెను. నూలు విడలేదు. మరింత బిగిసికొనెను. కూర్మయ్య ఎదురువైపు నలిపి చూచెను. పోగు వెంటనే విచ్చుకొని మెత్తని దూదియై యతని వ్రేళ్లపై పరుండెను.

అతని ముఖము పాలిపోయెను. ఎడమచేత రాట్నపు చక్రము త్రిప్పి కుడిచేత దూది సాచువారి నూలు తప్ప మరియొక నూలు పురి యిటు తిరుగదు. అట్లు వడకు చేతిని అతడు తన జీవితమున నొక్కదానినే యెరుగును. అది యతని చెల్లెలు పైడమ్మ చేయి. అపసవ్యపు చేయి యింటికి మంచిది కాదని తల్లి యా పసిదాని యెడమచేతిని గుడ్డపీలికతో నడుమునకు కట్టివేయగా, తల్లి నీళ్లకు పోయినంతనే వచ్చి ముడి విప్పినవాడు తానే. ఆ చెల్లెలే పెరిగి పెండ్లియై పసుపుకుంకుమలు చిన్నతనముననే పోగొట్టుకొని, వీధివెంట దూదియేకవచ్చిన పీరయ్య యను దూదేకులవానితో నేరు దాటి వెళ్లిపోయినప్పుడు, కులమువారు కూడి బ్రదికియున్నదానికి కర్మ చేయవలెనని నిర్ణయింపగా, తండ్రిలేని యింటికి పెద్దవాడు గనుక దక్షిణముఖముగా నిలిచి నీళ్లకుండ పగులగొట్టినవాడును తానే. నాటినుండి యా పేరు వారి యింట నెవ్వరును పలుకలేదు.

గున్నయ్య మౌనమునకు కారణ మిప్పుడతనికి తేటతెల్లమయ్యెను. వెలివడినదాని నూలని తెలిసిన నిక సాలెవాడెవ్వడు నామెయొద్ద కండె కొనడు. పేరు బయటపెట్టనని యామెకు మాట యిచ్చియుండును గాబోలు. ఆమె కూడు పోకుండుటకై వీడు తన కూడు పోగొట్టుకొనుచున్నాడు. కూర్మయ్య మరనూలని యొక్కమాట యనినచో సందేహించువాడు లేడు, వానితోడనే యది ముగియును. చచ్చినదన్న చెల్లెలు చచ్చినట్లే యుండును, తన ముద్ర తనయొద్దనే యుండును. అతని కా యూహ రాకపోలేదు. వచ్చినందుల కతనికి తనపై తనకే రోత పుట్టెను.

“మరనూలు కాదు బావా” అనెను కూర్మయ్య. “సేనూలే.”

“ఎవుల సెయ్యి?”

“మా పైడమ్మ సెయ్యి.”

ముఖలింగము చిన్ననాటినుండియు కూర్మయ్యతో గోళీలాడినవాడు. అతడు గొంతు తగ్గించి, కాపాడుటకే యన్నట్లు, “పైడమ్మ సచ్చిపోయి సేన్నాళ్లయినాది గదా బావా. కుండ నువ్వే గదా పగలగొట్టినావు” అనెను.

“పగలగొట్టినాను. కుండే పగిలినాది. అది బతికే ఉన్నాది, వడుకుతానే ఉన్నాది. దానిది ఎడమసేతివాటం, అందుకే పురి అటు తిరిగినాది, అందుకే నీడ పడినాది. గున్నడు తప్పు సెయ్యనేదు. తప్పు ఎతకాలంటే నా కాడ ఎతకండి.”

ముఖలింగము తానుగా పోగొకటి లాగి అటును నిటును నలిపి చూచెను. పిమ్మట తలపాగ తీసి మోకాలిపై నుంచుకొని నేలచూపులు చూచుచు నెట్టకేలకు కులపెద్ద పలుకవలసిన మాట పలికెను. కట్టడి చేతినూలనినదే కాని యెవరి చేయి యనలేదు. కావున బట్టయు నందలి నూలును పరిశుద్ధములు. అయితే నీళ్లు వదలినదానిని బ్రదికియున్నదని సభలో నొప్పుకొనినవాని చేత పేట ముద్ర యుండుటకు కులమొప్పదు.

“బట్టకి తప్పు నేదు. ముద్ర ఎయ్యి. ఏసినాక ముద్ర నాకిచ్చెయ్యి, బావా.”

కూర్మయ్య గున్నయ్య బట్టకొంగున ముద్ర వేసెను. ఆ ముద్రబిళ్లను తుడిచి ముఖలింగము చేతిలో నుంచి యరుగు దిగెను. గున్నయ్య యతని కాళ్లమీద పడబోగా లేవనెత్తి, పైడమ్మ యిల్లెక్కడ యని మాత్ర మడిగెను.

“ఏటవతల దూదేకులపేటలో, సివరిల్లు మావా. పీరయ్య పోయినాడు. ఒక్కతే ఉంటాది.”

ఏటిలో మోకాలిలోతు నీరుండెను. ఎండ యెక్కినవేళ కూర్మయ్య యా చివరియింటిముందు నిలుచునప్పటికి చూరుక్రింద తలనెరసిన స్త్రీ యొకతె యెడమచేత రాట్నము త్రిప్పుచు వడకుచుండెను. అతడు చేతులు జోడింపబోయి, పెద్దవాడు చిన్నదానికి మ్రొక్కరాదు గనుక నడుమనే యాపుకొనెను.

“ఎవులూ?” అని యామె తలయెత్తక యడిగెను.

“నాను. కూర్మయ్యని.”

రాట్నము తిరుగుచునే యుండెను. నూలు మాత్ర మొకచోట లావెక్కెను.

“సచ్చినదాని గుమ్మంలోకి పెద్దోలు రాకూడదు గదా.”

“నీ నూలు సూసినాను పైడీ. మా అరుగుమీదికి వొచ్చినాది. నీదేనని సెప్పేసినాను.”

“గున్నడికి మగ్గం ఉంచినారా?”

“ఉంచినారు.”

“మరి నీకేటుంచినారు?”

“ఏటీ ఉంచనేదు.”

అప్పుడు రాట్నమాగెను. పైడమ్మ తలయెత్తి అన్నను చూచెను. ముద్ర పట్టుకొనుటకే పుట్టినట్లుండెడి యా చేతులు రెండును ఖాళీగా వ్రేలాడుచుండుట చూచెను. ఆమె కన్నులు నిండి చెంపలమీదికి కారినవి. ఆమె వానిని తుడుచుకొనలేదు. కొంతవడికి ప్రక్కనున్న చేటను కాలితో ముందునకు నెట్టెను. దానియందు గింజవిడవని పత్తియు, పీచు సరిచేయుటకు దువ్వెనగా వాడు సన్నపండ్ల వాలుగచేప దవడయు నుండెను.

“అలగైతే కూకో. ఈ పత్తి దువ్వు.”

కూర్మయ్య నేలమీద చతికిలబడెను. నూలు మంచిచెడ్డలు చెప్పుటయే గాని పత్తి దువ్వి యెరుగని యా వ్రేళ్లకు చేపదవడ పట్టుబడుట లేదు. పండ్లు గుచ్చుకొని బొటనవ్రేలినుండి నెత్తురు చుక్క పొడిచెను. అయిన నొక గింజచుట్టునున్న పీచంతయు నిటునటు దువ్వి చెల్లెలి చేతికిచ్చి యామె ముఖమువంక చూచుచు కూర్చుండెను. ఆమె దానిని వెలుతురున కెత్తిపట్టి త్రిప్పి త్రిప్పి చూచెను.

“నలక ఉన్నాది. మల్లీ దువ్వు” అని తిరిగియిచ్చెను.

కూర్మయ్య యా పత్తిని చేతికి తీసికొని మరల దువ్వసాగెను.