ఆటలో అమ్మెవరు?

“గ్లౌజులు ఇంకా ఆరలేదా?”

తోర్‌స్టైన్ గుమ్మంలోంచి అడిగాడు. గొంతులో కోపం లేదు. సిగ్రిడ్‌కి ఒళ్లు మండేది అందుకే. మొగుడు కసురుకుంటే తనూ కసురుకోవచ్చు. ఇంత నెమ్మదిగా, నవ్వుమొహంతో అడిగే మనిషిని ఏమనగలదు? బట్టలారబెట్టే వేడి బీరువాలో చెయ్యి పెట్టి తడిమింది. కూతురు మారెన్ ఉన్ని గ్లౌజులు ఇంకా చెమ్మగానే ఉన్నాయి.

“ఇవాళ అడవికి పాతవి వేసుకెళ్లనీ. ఇవి ఆరాక నేనే తెచ్చిస్తాలే,” అంది.

“నువ్వు లేకపోతే మాకు అడవే లేదు!” అని నవ్వి, బూటు తాళ్లు బిగించుకుంటూ మెల్లగా అన్నాడు. “రేపు ఆఫీసులో చెప్పేస్తావుగా, ఇంకో ఏడాది సగం పూటే చేస్తానని? పిల్లల మొహాలు చూడు, ఎలా వెలిగిపోతున్నాయో. ఈ వయసులో పోయిన అడవి మళ్లీ దొరకదు సిగ్రిడ్.”

వానలో మారెన్, దాని తమ్ముడు ఎస్కిల్ అప్పటికే కేకలేస్తూ పరుగు తీశారు. వాళ్ల వెనక భుజాన సంచీతో తోర్‌స్టైన్. ఆ సంచీ సర్దింది ఎవరు? ఫ్లాస్కులో కోకో పోసింది, మార్చుకునే మేజోళ్లు చుట్టి పెట్టింది, నిప్పంటించుకోవడానికి ఎండుపుల్లలు ప్లాస్టిక్ కవర్లో కట్టింది ఎవరు? నార్వే మగవాళ్లు ఇంటిపని పంచుకుంటారని లోకమంతా చెప్పుకుంటుంది. పంచుకుంటారు, ఎందుకు పంచుకోరు! నలుగురూ చూసే పని వాళ్లది. మొన్న కిండర్‌గార్టెన్ తల్లిదండ్రుల సమావేశంలో తోర్‌స్టైన్ లేచి, “పిల్లల్ని అడవిలో వదిలేయండి, బొమ్మలు కొనక్కర్లేదు, కర్ర ముక్క చాలు, మిగతాదంతా వాళ్ల ఊహే చూసుకుంటుంది,” అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నిజానికి ఆ మాటలు సిగ్రిడ్‌వి. మారెన్ కడుపులో ఉన్నప్పుడు, తన చిన్నతనం చెబుతూ ఆమె అన్న మాటలవి. ఆ చప్పట్ల వేళ ఆమె వెనక గదిలో కాఫీ కప్పులు కడుగుతోంది. అత్తగారు బెరిట్ పక్కనే నిలబడి కప్పులు తుడుస్తూ, “నా కొడుకులాంటి తండ్రి భూతద్దం పెట్టి వెతికినా దొరకడమ్మాయ్. ఆదివారం పిల్లల్ని అడవికి తీసుకెళ్తాడు, నీకింక పండగే, ఇల్లంతా నీదే!” అంది. ఆ పండగ ఎలా ఉంటుందో ఆవిడకి తెలియదా? బురద ప్యాంట్లు స్నానాలగదిలో కడగాలి, ఉన్నివి వేడినీళ్లు తగలకుండా చేత్తో పిండాలి, బూట్లలో కాగితాలు కుక్కాలి. అన్నీ తెలుసు. తనూ చేసిందే. తను చేసింది కోడలు చెయ్యకపోతే తన బతుకంతా వృథా అయినట్టు అనిపిస్తుందేమో, పాపం.

సిగ్రిడ్ వంతెనల ఇంజనీరు. ఒకప్పుడు నడుముకి తాడు కట్టుకుని వంతెన కింద వేలాడుతూ, పగుళ్లు ఎక్కడున్నాయో సుత్తితో తట్టి చూసేది. కింద సముద్రపు పాయ, పైన లారీల ఉరుము. మారెన్ పుట్టాక సగం పూట ఉద్యోగంలో పడింది. సగం పూట వాళ్లకి తాడివ్వరు, కుర్చీ ఇస్తారు. ఇతరులు చూసొచ్చిన పగుళ్లని ఆమె కంప్యూటర్లో ఎక్కిస్తుంది. శుక్రవారం పైఅధికారి పిలిచి, ఇక పూర్తి పూట రాగలవా, తాడు మీదికి మనిషి కావాలి, సోమవారం చెప్పు, ఇప్పుడు కాకపోతే ఇంకొకర్ని తీసుకుంటాం అంది. ఆ మాటకి సిగ్రిడ్ గుండె ఎంతలా కొట్టుకుందంటే, ఆవిడకి వినిపిస్తుందేమోనని సిగ్గుపడింది.

గ్లౌజులు ఆరాయి. జేబులో పెట్టుకుని బయలుదేరింది. దారి పొడవునా మనసులో మొగుడితో వాదిస్తూనే ఉంది, ప్రతిసారీ ఓడిపోతూనే ఉంది. పిల్లల కోసం అన్నాక ఇంకేం మాట్లాడాలి? అడవి వద్దంటుందా తను? అడవి ఇష్టపడ్డది ముందు తనే కదా!

చెట్ల మధ్య పొగ కనిపించింది. గాలికి వేళ్లతో సహా ఒరిగిన పెద్ద దేవదారు మీద పిల్లలున్నారు. అది ఓడ. మారెన్ కెప్టెన్. ఎస్కిల్ మాటలొచ్చిన తోడేలు. పక్కింటి టూవా కొత్తగా ఆటలో చేరినట్టుంది, కింద నిలబడి అడుగుతోంది.

“మరి నేనెవర్ని? అమ్మగా ఉండనా?”

“వద్దు. అమ్మయితే ఆడటానికేం ఉండదు,” అంది మారెన్. “అమ్మ ఉందిలే. అదిగో.”

నడుమెత్తున విరిగి ఎండిన మోడొకటి. దాని పొట్టి కొమ్మలకి తడి మేజోళ్లు, తడి గ్లౌజులు తగిలించి ఉన్నాయి.

“అది ఓడ ఎక్కదా?”

“ఎక్కదు. దానికి పనుంటుంది.”

“మాట్లాడుతుందా?”

“ఆఁ. బూట్లు విప్పి రండి అంటుంది. అంతే.”

సిగ్రిడ్ కాళ్లు అక్కడే ఆగిపోయాయి. మంట దగ్గర సాసేజీలు కాలుస్తున్న తోర్‌స్టైన్ ఆమెను చూసి పకపకా నవ్వాడు. “విన్నావా? అచ్చం నిన్నే దించేశారు! ఏం ఊహరా బాబూ వీళ్లది!” ఫోను తీసి మోడుకి ఫోటో కొట్టాడు. “వచ్చే సమావేశంలో ఇదే చూపిస్తా.”

పిల్లది అబద్ధం ఆడలేదు, కళ్ల ముందున్నదే ఆడుతోంది. ఇంకో ఏడాది పోతే ఆ పిల్ల ఎప్పటికీ అదే నిజమనుకుంటుంది. సిగ్రిడ్ మోడు దగ్గరికెళ్లి గ్లౌజులూ మేజోళ్లూ ఒక్కొక్కటే తీసింది. అన్నీ తెచ్చి తోర్‌స్టైన్ ఒళ్లో పెట్టింది.

“అమ్మా! ఆట పాడుచేస్తున్నావ్!” అని అరిచింది మారెన్.

“లేదే. మీ ఓడలో నాకేమైనా పని దొరుకుతుందా అని వచ్చా.”

మారెన్ అనుమానంగా చూసింది. “నీకేం వచ్చు?”

“తాడు కట్టుకుని వంతెన కింద వేలాడతా. పగులుందేమో తట్టి చూస్తా.”

“పో, అబద్ధం!”

“నిజం. నువ్వు పుట్టకముందు నా పని అదే. రేపట్నించి మళ్లీ అదే. పూర్తి పూట.”

తోర్‌స్టైన్ నవ్వు ఆగిపోయింది. ఒళ్లోని తడి మేజోళ్లు ప్యాంటుని తడిపేస్తున్నాయి. “సిగ్రిడ్, మనం ఇంకా మాట్లాడుకోలేదు. ఇవన్నీ... ఇవి ఎవరు చూస్తారు?”

సిగ్రిడ్ కూతుర్నే చూస్తోంది. కెప్టెన్ తోడేలుతో ఏదో గుసగుసలాడింది, తర్వాత చెయ్యి కిందికి చాపింది.

“మా ఓడ అడుగున పగులుంది. ఎక్కు. బూట్లు విప్పక్కర్లేదు.”